పుట్టగొడుగు పేరులో మన పెద్దల జ్ఞానం



పోయిన వానాకాలం సికింద్రాబాద్‌లోని మా హాస్టల్ ప్రహరీ పక్కన తెల్లటి గొడుగులు లేచాయి. తొమ్మిదో తరగతి అమ్మాయి గుప్పెడు తెంపుకొచ్చి, "మేడమ్, కూర వండుకోవచ్చా?" అని అడిగింది. పారవేయించాను. కానీ అవి తినేవో కావో నాకూ తెలియదు. చదువు రాని మా అవ్వ అయితే చూడగానే చెప్పేది. టీచర్ ట్రైనింగ్ చేసిన నేను చెప్పలేకపోయాను. అప్పటి నుంచి పుట్టగొడుగుల చరిత్ర చదువుతున్నాను. అందులో రెండు పేర్ల గురించి మీకు చెప్పాలి.

మొదటిది ఐరోపాది. అక్కడి చలి ప్రాంతాల పైన్ అడవుల్లో, మెదడులా ముడతలు పడ్డ గోధుమరంగు పుట్టగొడుగు మొలుస్తుంది. దాన్ని ఫాల్స్ మోరెల్ అంటారు. 1800లో పెర్సూన్ అనే శాస్త్రవేత్త దానికి 'ఎస్కులెంటా' అని పేరు పెట్టాడు. లాటిన్‌లో 'తినదగినది' అని అర్థం. తిన్నవాళ్లలో కొందరు చనిపోయారు. ఒకే కూర తిన్నా ఒకరికి ఏమీ కాదు, ఇంకొకరు మంచాన పడతారు. 1968లో జర్మన్ శాస్త్రవేత్తలు అందులోని గైరోమిట్రిన్ విషాన్ని కనిపెట్టారు. అది కడుపులో మోనోమిథైల్ హైడ్రజీన్‌గా మారుతుంది. శ్రీహరికోట నుంచి వెళ్లే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ నాలుగో దశ ఇంధనం అదే! అయినా పేరు మారలేదు, నేటికీ 'తినదగినదే'.

రెండో పేరు మన పుట్టగొడుగు. పుట్ట మీద లేచే గొడుగు. చెదలు పుట్ట లోపల ఒక రకం శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి. వానలు పడగానే దాని గొడుగులు పైకి వస్తాయి. 1942లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త రోజే హైమ్ ఈ జాతికి 'టెర్మిటోమైసిస్', అంటే చెదల శిలీంధ్రం, అని పేరు పెట్టాడు. ఆ సంబంధాన్ని మన పెద్దలు అంతకు ఎంతో ముందే మాటలో దాచి ఉంచారు.

అలాగని పుట్ట దగ్గర మొలిచిందల్లా మంచిది కాదు. వెండి నాణెం నల్లబడకపోతే తినొచ్చన్న మాట నమ్మకండి. ఉడికించినా కొన్ని విషాలు పోవు. బాగా తెలిసిన పెద్దలు చూపించనిదేదీ నోట పెట్టకండి.

సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ అవ్వల వెంట అడవికి వెళ్లండి. ఏ కార్తెలో, ఏ చెట్టు కింద, ఏది మొలుస్తుందో, ఏది ముట్టకూడదో, మీ భాషలో దాని పేరేమిటో రాసుకోండి. మా అవ్వ ఉన్నప్పుడు నేను అడగలేదు. ఇప్పుడు ఆమె లేదు. ఈ ఏడాది మా హాస్టల్లో అందుకోసం ఒక నోటుబుక్కు పెట్టాం. మొదటి పేజీలో ఆ తొమ్మిదో తరగతి అమ్మాయే రాసింది.