యల్లాప్రగడ సుబ్బారావుగారి వ్యాసములు, వాని లెక్క

పాణిని తన సూత్రములలో స్ఫోటాయనుని, సేనకుని, చాక్రవర్మణుని పేర్లెత్తినాడు. వీరి గ్రంథములు మనకు లభింపలేదు. ఆ మహర్షి పేర్కొనుటచేతనే వీరు శాబ్దికులని మన మెఱుగుదుము. కావున ఒకని విద్యను తరువాతివారి ఉల్లేఖనములనుబట్టి కొలుచుట కొత్త పద్ధతి కాదు. నేటి శాస్త్రజ్ఞులలో నిది గణితముగా మారినది. ఎవ రెన్ని వ్యాసములు ప్రకటించిరి, ఒక్కొక్కదాని నెంద ఱుదాహరించిరి యని లెక్కించి ఉద్యోగములను, ధనసహాయమును ఇచ్చుచున్నారు. ఈ కొలబద్దతో సుబ్బారావుగారిని కొలిచిన నేమి తేలునో చూడదలచితిమి.

1895లో భీమవరమున జన్మించిన సుబ్బారావుగారు మదరాసులో వైద్యము చదివి, మామగారి సాయమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధి సాయమును పొంది 1922లో అమెరికా చేరిరి. హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కె యను ఆచార్యునితో గలిసి 1925లో ఒక వ్యాసము ప్రకటించిరి. రక్తములోను మూత్రములోను ఫాస్ఫరసు ఎంత యున్నదో కనుగొను ఉపాయము దాని విషయము. ద్రవమునకు మాలిబ్డినపు లవణమును, మఱియొక ద్రవ్యమును చేర్చిన నీలవర్ణము పుట్టును. ఆ నీలము గాఢతయే ఫాస్ఫరసు పరిమాణమును దెలుపును. ఇరువదవ శతాబ్దమున మిక్కిలిగా ఉదాహరింపబడిన వ్యాసములలో నిది యొకటి. వింత లేదు, సిద్ధాంతము కొందఱికే కావలయును, కొలపాత్ర యందఱికిని కావలయును. అయితే 1960 తరువాత అమెరికాలో వెలువడిన ఉల్లేఖనసూచిక వ్యాసములను మొదటి రచయిత పేరిటనే చేర్చెను. ఆ లెక్క యంతయు ఫిస్కె ఖాతాలో పడినది. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటినును గూర్చి 1927లోను, ఏ.టి.పి.ని గూర్చి 1929లోను వెలువడిన చిన్న వ్యాసములలోను వరుస యదియే.

కాన్సరు విషయమున కథ మఱింత చిక్కైనది. 1940లో వారు పెర్ల్ రివర్‌లోని లెడర్లె ఔషధశాలకు మారిరి. ఔషధశాలలో పని పలువురి చేతులమీదుగా నడచును. ఫోలిక్ ఆమ్లము నిర్మాణమును, సంయోజనమును దెలుపుచు 1946లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన వ్యాసమునకు 16 మంది రచయితలు. పరిశోధనాధ్యక్షుడైన సుబ్బారావుగారి పేరు వారి నడుమ నున్నది.

రక్తము వృద్ధిపొందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ల్యుకేమియా రోగులకు ఆ జాతి పదార్థముల నిచ్చి చూడగా వ్యాధి తగ్గకపోగా త్వరపడినట్లు తోచెను. ఆ యాహారమును అడ్డగించినచో? అందులకు కావలసిన విరోధి ద్రవ్యములు సుబ్బారావుగారి బృందమునుండియే వచ్చినవి. ఫోలిక్ ఆమ్లములో ఒకచోట ఆక్సిజను భాగమును దీసి అమైనో భాగమును చేర్చిన అమైనోప్టెరిన్ సిద్ధమగును. తాళములో దూరి తిరుగని తాళపుచెవివలె నది కణములో చేరి నిజమైన ఆమ్లమునకు చోటీయదు. 1948 జూనులో ఫార్బర్, మఱి నలుగురు ప్రకటించిన వ్యాసమున 16 మంది పిల్లలకు దీని నీయగా 10 మందికి తాత్కాలికముగా గుణము కనబడెనని యున్నది. అంతకు ముందు ఆ వ్యాధి సోకిన బిడ్డను చూచుచు కూర్చుండుట తప్ప తల్లిదండ్రులకు వేఱు దారి లేకుండెను. ఆ వ్యాసపు రచయితలలో సుబ్బారావుగారు లేరు. రెండు నెలలకు, ఆగస్టులో, 53వ యేట వారు గతించిరి.

ఇచ్చట మనవారితో నొక మాట. సర్వమును సుబ్బారావుగా రొక్కరే కనిపెట్టిరనియు, తెల్లవారు దొంగిలించిరనియు కొందఱు సభలలో చెప్పుట మేము వింటిమి. ఆ మాట నిలువదు. అమైనోప్టెరినును చేతులార కూర్చిన సీగర్ మొదలగు రసాయనజ్ఞులును, రోగులకిచ్చి చూచిన ఫార్బరును ఉన్నారు. మనవాని పేరు తొలగిపోయెనని వగచి, మఱి పది పేర్లను మనము తొలగింపరాదు. ఏ పరిశోధన నడుపవలెను, ఏ పదార్థమును ఎవరి కందింపవలెను అని నిర్ణయించినవాని పని వ్యాసపు శీర్షికలో నిముడదనుటయే మా తలంపు.

ఆ కుదురునుండియే పుట్టిన మెథోట్రెక్సేట్ 1956 నాటికే గర్భసంబంధమగు నొక కాన్సరుపై పనిచేసినట్లు లీ, హెర్ట్జ్ అను వైద్యులు ప్రకటించిరి. నేడు పిల్లల ల్యుకేమియాకును, కీళ్లవాతమునకును దానిని మన ఊళ్ల వైద్యులును వ్రాయుచున్నారు. ఆ మందుచీటీలను ఏ సూచికయు లెక్కింపదు.