రాళ్ల సీమ, రవ్వల దొర, ఒక వైద్యపత్రిక

భారత మూత్రకోశ శస్త్రవైద్యుల సంఘము పక్షమున వెలువడు 'ఇండియన్ జర్నల్ ఆఫ్ యూరాలజీ' 2024లో 40వ సంపుటమున అడుగిడినది. మా ఊరు కమలాపురమువారు ఉపేక్షింపదగిన విషయము కాదిది. ఏలయన పాపఘ్ని నది నెలల తరబడి ఇసుకగా మిగులు ఈ సీమలో, చెమటకు తగిన నీరు త్రాగక, మూత్రము చిక్కబడి, లవణములు కణములై, కణములు రాళ్లై, నడుము పట్టుకొని మెలికలు తిరుగువారును, వారికై కొండపిండాకు కాచి వడగట్టు అవ్వలును ప్రతి వీధిలోను కలరు.

ఈ రాళ్లను కోసితీయు విద్యకు మనవాడే ఆద్యుడని చెప్పుకొనుట పరిపాటి. సుశ్రుతుడు అశ్మరిని, అనగా మూత్రపురాతిని, నాలుగు తెఱగులుగా విభజించి, సేవనికి, అనగా గుదము ముందరి కుట్టువంటి గీతకు, ఎడమప్రక్క యవగింజంత ఎడము విడిచి కోయవలెననియు, కోయకున్న చావు నిశ్చయము, కోసినను బ్రతుకు సంశయము గావున ముందుగా ఏలినవాని యనుమతి గొనవలెననియు విధించెను. పిమ్మటి శతాబ్దములను ఒక్క గంతున దాటుట అన్యాయమే యైనను, నా మనసు అమెరికాలోని ఒక భోజనప్రియుని చుట్టు తిరుగుచున్నది.

రైలు సామగ్రి అమ్మి కోటీశ్వరుడైన జేమ్స్ బుకానన్ బ్రాడీ ఒంటినిండ వజ్రములు ధరించుటచే లోకము అతనిని 'డైమండ్ జిమ్' అని పిలిచెను. మద్యము ముట్టడు; నారింజరసము మాత్రము కూజాలకొలది త్రాగును; విస్తరి ముందు కూర్చున్నచో నలుగురి పాలు ఒక్కడే ఆరగించును. అట్టివానికి ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రము బిగిసెను. మధుమేహము, గుండెజబ్బు చూచి వైద్యులు కత్తి పట్టుటకు జంకిరి. 1912లో బాల్టిమోరునందలి జాన్స్ హాప్కిన్స్ వైద్యుడు హ్యూ హాంప్టన్ యంగ్, తాను కల్పించిన 'పంచ్' అను గొట్టపు పనిముట్టును మూత్రమార్గమున చొప్పించి, పొట్ట కోయకయే అడ్డుపడిన కండను తునిమి తీసెను. మూత్రము ధారకట్టిన ఆనందమున బ్రాడీ సంచులు విప్పగా, 1915లో అతని పేర యూరాలజీ సంస్థ వెలసెను. యంగ్ 1917లో 'జర్నల్ ఆఫ్ యూరాలజీ'ని స్థాపించెను. ఆ యేటనే బ్రాడీ కన్నుమూసెను. మాయూరి మీదుగ అప్పటికే మదరాసు–బొంబాయి బండ్లు పరుగిడుచుండెను గాని, వానిలో నెక్కినవాడెవ్వడును నొప్పి తగ్గి దానకర్ణుడైనట్లు వినము.

మనదేశమున మూత్రకోశ వైద్యులు 1961లో శస్త్రవైద్య సంఘపు శాఖగా కూడిరి. 1980ల నడుమ పత్రిక పుట్టెను. పంపిన వ్యాసమును సాటి నిపుణులు తప్పులెన్ని ప్రశ్నించిన పిమ్మటనే అచ్చువేయుదురు. అవధానసభలోని పృచ్ఛకులవంటివారే, కాకున్న వీరు పేరు చెప్పరు. నేడు వ్యాసములు లేనిదే పదోన్నతి లేదనుటచే, వ్రాతలో జిజ్ఞాస యెంతో జీతమెంతో తేల్చుట కష్టము. పత్రికయా, ఇప్పుడు సెల్‌ఫోనులో ఉచితము. కడపలో స్కానింగు తీయించుకొని వచ్చిన కుర్రవాడు వైద్యునికంటె ముందే తేల్చివేయుచున్నాడు: "నాలుగు మిల్లీమీటర్లేనంట అవ్వా, దానంతట అదే పడిపోతాదంట." వాడు చెప్పినది చాలవరకు నిజమే; నీళ్లు దండిగా త్రాగుమన్న వాక్యము మాత్రము వాని కంటబడలేదు.