గ్రో లైట్లు: అసలు విద్యుత్ వినియోగం, దాని కొలత

ఎండ తగలని చోట మొక్కలు పెంచడానికి వాడే గ్రో లైటు ఎంత కరెంటు లాగుతుందో సాకెట్ దగ్గర కొలిస్తేనే తేలుతుంది. డబ్బా మీది వాట్లు చాలా సందర్భాల్లో ఆ లెక్కకు పనికిరావు. ‘1000 వాట్ల’ పేరుతో అమ్ముడయ్యే చవకరకం ఎల్‌ఈడీ ప్యానెళ్లలో చాలావాటి వినియోగం 100–200 వాట్ల మధ్యే ఉంటుంది. లోపలి డయోడ్ల గరిష్ఠ సామర్థ్యాలను కూడితే ఆ వెయ్యి వస్తుంది. లేదా అది పాత సోడియం దీపంతో తయారీదారు చెప్పుకునే ‘సమానత్వం’. గరిష్ఠ స్థాయిలో వెలిగిస్తే డయోడ్లు వేడెక్కి త్వరగా పాడవుతాయి కాబట్టి వాటికి కరెంటు సరఫరా చేసే డ్రైవరు అందులో కొంతే అందిస్తుంది. సోడియం దీపాల విషయంలో తేడా ఇందుకు తలకిందులు: 600 వాట్ల బల్బుకు పాతరకం చోక్ తోడైతే వినియోగం సుమారు పదో వంతు పెరుగుతుంది.

అందుబాటులో ఉన్న సులువైన సాధనం ప్లగ్-ఇన్ వాట్‌మీటరు. అమెరికాలో కిల్-ఎ-వాట్ పేరుతో వచ్చేది బాగా తెలిసినది. చలికాలంలో కరివేపాకు మొక్కను ఇంట్లోకి తెచ్చి లైటు కింద కాపాడుకునే అక్కడి తెలుగు కుటుంబాలకు ఇది సరిపోతుంది. క్లాంప్ మీటరుతో జాగ్రత్త అవసరం. అది చూపేది ఆంపియర్లే. 0.8 ఆంపియర్లను 230 వోల్టులతో గుణిస్తే 184 వస్తుంది గానీ అవి వాట్లు కావు, వోల్ట్-ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్ (వోల్ట్-ఆంపియర్లలో నిజంగా వాట్లుగా ఖర్చయ్యే వాటా) 0.6 ఉన్న డ్రైవరైతే నికరంగా ఖర్చయ్యేది 110 వాట్లే. ఇళ్ల బిల్లు పడేది ఈ రెండో అంకె మీదే.

మీటర్ల చరిత్రలోనూ ఈ తేడా కనిపిస్తుంది. ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) మీటరును కనిపెట్టిన ఘనతను అమెరికన్ రచనలు ఎక్కువగా షాలెన్‌బర్గర్‌కు (1888), ఐరోపా రచనలు బ్లాతీకి (1889 పేటెంటు) ఇస్తాయి. మొదటిది ఆంపియర్-గంటలనే లెక్కించింది, రెండోది వాట్-గంటలను. నేటి అర్థంలో విద్యుత్ మీటరుకు పూర్వరూపం బ్లాతీదే అనడం సమంజసంగా తోస్తుంది.

వేరే సాధనమేదీ లేకపోయినా ఇంటి మీటరు చాలు. మన ఎలక్ట్రానిక్ మీటర్లలో వాడకాన్ని బట్టి మినుకుమనే చిన్న ఎర్రలైటు ఉంటుంది. పక్కనే కిలోవాట్-గంటకు ఎన్ని పల్సులో అచ్చువేసి ఉంటుంది. తరచుగా కనిపించే అంకె 3200. అంటే ఒక్కో మినుకు 0.3125 వాట్-గంట. ఫ్రిజ్, ఫ్యాన్లు, ఇన్వర్టర్ సహా అన్నీ ఆపి గ్రో లైటు ఒక్కటే వెలిగించాలి. ఒక మినుకు పడగానే గడియారం మొదలుపెట్టి తర్వాతి పది మినుకులకు పట్టే సమయం చూడాలి. 112.5 సెకన్లు పడితే లైటు 100 వాట్లది. ఒకటి రెండు మినుకులతో ఆపేస్తే ఫలితం నమ్మదగినది కాదు. 100 వాట్ల లైటు రోజుకు 12 గంటల చొప్పున 30 రోజులకు 36 యూనిట్లు కాలుస్తుంది. డిమ్మరు సగానికి తిప్పితే వినియోగం కచ్చితంగా సగమవుతుందని అనుకోకూడదు, మళ్లీ కొలవాలి.

వాట్లు ఖర్చును చెబుతాయి, మొక్కకు అందే వెలుతురును చెప్పవు. అందుకే ఒక్కో జూల్‌కు ఎన్ని మైక్రోమోల్‌ల ఫోటాన్లు వస్తాయో చూస్తారు. యూటా స్టేట్ యూనివర్సిటీకి చెందిన నెల్సన్, బగ్బీ 2014లో ప్రచురించిన కొలతల్లో మేలిరకం సోడియం దీపాలూ, ఎల్‌ఈడీలూ 1.66–1.70 దగ్గర దాదాపు సమానంగా నిలిచాయి. ఆ తర్వాత ఎల్‌ఈడీలు చాలా ముందుకు వెళ్లాయి.

గ్రో లైట్ల విద్యుత్ వినియోగంపై దేశస్థాయి అంచనాల్లో పొంతన లేదు. అమెరికాలో ఇంటిలోపలి గంజాయి సాగు ఏటా సుమారు 2,000 కోట్ల యూనిట్లు, అంటే ఆ దేశ విద్యుత్తులో దాదాపు 1 శాతం వాడుతోందని పరిశోధకుడు ఇవాన్ మిల్స్ 2012లో లెక్కగట్టారు. అమెరికా ఇంధన శాఖ 2017 నివేదిక తోటపంటల దీపాలన్నిటికీ కలిపి 590 కోట్ల యూనిట్లే చూపింది. మిల్స్ లెక్కలో ఏసీలు, గాలి పంకాలు, తేమ తీసే యంత్రాలూ ఉన్నాయి. దీపాల వాటా సుమారు మూడో వంతు. అది విడదీసి చూస్తే రెండు అంచనాల మధ్య దూరం బాగా తగ్గుతుంది. అయితే రెండూ నమూనాల మీద కట్టిన అంచనాలే, మీటరు రీడింగుల మొత్తాలు కావు. దీపాల వరకు ఉదహరించాల్సి వస్తే 2017 అంకె మేలు.