పురావస్తు శాఖ: పుట్టుక, ఎదుగుదల

హైదరాబాదు సంస్థానంలో పురావస్తు శాఖ 1914లో ఏర్పడింది. తొలి అధిపతి గులాం యాజ్దానీ దాన్ని దాదాపు మూడు దశాబ్దాలు నడిపారు. అజంతా గుహలు అప్పట్లో నిజాం ఏలుబడిలోవే. ఇటలీ నిపుణులను రప్పించి అక్కడి చిత్రాలకు మరమ్మతు చేయించడంతో శాఖకు విదేశాల్లోనూ పేరొచ్చింది.

గుంతకల్లు ప్రాంతం వారు చెప్పుకోవలసింది మాత్రం మస్కి శాసనం గురించి. 1915లో, అప్పట్లో నిజాం ఏలుబడిలోనే ఉన్న రాయచూరు జిల్లా మస్కిలో బంగారు గనుల ఇంజనీరు బీడన్ దాన్ని గుర్తించారు. అంతకుముందు దొరికిన శాసనాల్లో రాజు ‘దేవానాంప్రియుడు’, ‘ప్రియదర్శి’ మాత్రమే. అశోకుడన్న పేరు మస్కి బండ మీదే మొదట బయటపడింది. హెచ్. కృష్ణశాస్త్రి పరిష్కరించిన ఈ శాసనమే శాఖ గ్రంథమాలలో మొదటి ప్రచురణ.

గుత్తి, గుంతకల్లు మద్రాసు రాజధానిలో ఉన్నందున ఆ శాఖ పరిధిలోకి రాలేదు. గుత్తి–పత్తికొండ దారిలోని ఎర్రగుడి అశోక శాసనాలు 1928-29 ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త అనుఘోష్ వల్ల వెలుగు చూశాయి. అక్కడి లఘు శాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. బ్రాహ్మీ లిపిలో ఇది చాలా అరుదు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రాయలసీమ, కోస్తా కూడా శాఖ పరిధిలోకి వచ్చాయి. రక్షిత కట్టడాల కోసం 1960లో రాష్ట్ర చట్టం వచ్చింది. తర్వాతి పనిలో పెద్ద భాగం జలాశయాలు తెచ్చిపెట్టినదే. నాగార్జునసాగర్ ముంపుకు ముందు ఏలేశ్వరంలో తవ్వకాలు జరిగాయి. శ్రీశైలం ముంపు నుంచి కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. అప్పటి కరీంనగర్ జిల్లా ధూళికట్ట, పెదబంకూరు తవ్వకాలు తెలంగాణలో శాతవాహనుల ఉనికిని బలపరిచాయి.

కరవు నేల చరిత్రకు ఆధారం బూడిద దిబ్బలు. ఉట్నూరు దిబ్బను 1957లో తవ్విన పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్, అది నవీన శిలాయుగపు పశువుల దొడ్లలో పేరుకున్న పేడ కాలగా మిగిలిన బూడిదని తేల్చారు. ఆ నివేదికను శాఖే ప్రచురించింది. అనంతపురం జిల్లా పాలవాయి దిబ్బపై వి. రామిరెడ్డి పరిశోధన గ్రంథం 1976లో వెలువడింది. ఈ జిల్లాలో ఇలాంటి పని ఇంకా ఎంతో జరగాలి.

2014లో రాష్ట్రంతోపాటు శాఖ కూడా రెండుగా విడిపోయింది. అనంతపురం జిల్లా రైతులు దుక్కిలో రాతి గొడ్డలో, అక్షరాలున్న బండో కనబడితే కదిలించకుండా తహసీల్దారుకు కబురు చేయాలి. దిబ్బల మట్టిని ఎరువుకు తోలుకోవడం మానాలి.