అణువుల జల్లెడ

1756లో స్వీడన్ దేశపు ఖనిజవేత్త ఆక్సెల్ క్రోన్‌స్టెట్ ఒక రాతిపలుకును ఊదుగొట్టపు మంటలో పెట్టి చూచినాడు. అది పొంగి, బుడగలు కట్టి, మరుగుచున్నట్లు కనిపించినది. గ్రీకు పదాలు రెండింటిని కూర్చి దానికి 'జియోలైటు', అనగా మరిగే రాయి, అని పేరు పెట్టినాడు. నిజమునకు మరిగినది రాయి కాదు, దాని సందులలో దాగిన నీరు.

నీరు పోయినను రాతి కట్టడము కూలదని, మరల నీటిని పీల్చగలదని 1840లో ఫ్రాన్సులో దామూర్ కనుగొన్నాడు. 1925లో వైగెల్, స్టైన్‌హోఫ్ అను జర్మనులు, చాబజైటు అనే జియోలైటు ఆల్కహాలును లోనికి రానిచ్చి బెంజీనును వాకిటనే ఆపివేయుచున్నదని చూపినారు. 1932లో మెక్‌బెయిన్ దీనిని అణువుల జల్లెడ అన్నాడు.

ఈ మాటను శ్రోతలు కొంచెము సవరించుకొనవలె. మన ఇంటి జల్లెడలో సన్ననిది క్రిందికి జారిపోవును. ఇచ్చట సన్ననిది లోపలి గోడలను అంటిపెట్టుకొని నిలిచిపోవును. లావుది బయటనే సాగిపోవును. అట్లు అంటి నిలుచుటయే అధిశోషణము. పీడనము తగ్గించినచో చిక్కినది విడివడును.

హైడ్రోకార్బనులను ఈ విధముగా వేరుచేయవచ్చునని 1940లలో ఇంగ్లండులో రిచర్డ్ బారర్ నిరూపించినాడు. కాని గనులలో దొరకు రాయి పరిశ్రమకు చాలదు. అమెరికాలో యూనియన్ కార్బైడు సంస్థకు చెందిన రాబర్ట్ మిల్టన్ 1949లో కృత్రిమ జియోలైటుల తయారీకి పూనుకొన్నాడు. ఆయన కోరినది గాలిని విడదీయుట. పెట్రోలియము తరువాతి మాట! 1954లో అవి అంగడికి వచ్చినవి.

వాటిలో ఒకదాని ద్వారము సుమారు 5 ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రామనగా సెంటీమీటరులో పదికోట్లవ వంతు. నిటారు గొలుసువంటి పారఫిన్ అణువు అందులో దూరును, కొమ్మలున్నది దూరలేదు. మరుగు ఉష్ణోగ్రతలు దగ్గరగా ఉండుటచే బట్టీపట్టి వీటిని విడదీయుట కష్టము. 1959లో ఈ జల్లెడ ఆ పనికి పెద్దయెత్తున దిగినది. ఇంజనులో టకటకలాడించు నిటారు గొలుసులు తొలగినచో పెట్రోలు మేలగును.

మా దృష్టిలో అసలు మేలు ఆ తొలగించినవానితోనే కలిగినది. కొమ్మల గొలుసులతో చేసిన డిటర్జెంట్లను సూక్ష్మజీవులు సులువుగా విరుగగొట్టలేకపోయినవి. 1950లలో అమెరికా, ఐరోపా నదులపై నురుగు తెట్టెలు కట్టినది. కొన్నిచోట్ల కుళాయినీటికే నురుగు పట్టినది. పశ్చిమ జర్మనీ 1961లో చట్టము చేసినది. 1965లో అమెరికా తయారీదారులు నిటారు గొలుసులకు మారినారు. కిరసనాయిలు నుండి వాటిని ఏరి ఇచ్చు పనిలో మరిగే రాయికి వారసులైన ఈ జల్లెడలే తోడ్పడినవి.