గాజుతొట్టిలో సముద్రము

గుంటూరు సీమలో మిరపచేనికి యూరియా చల్లు రైతునకును, ఇంటి వసారాలో గాజుతొట్టి నిలిపి అందులో ఉప్పునీటి చేపలను, పగడపు జీవులను పెంచదలచిన గృహస్థునకును సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. సంబంధము కలదు. దానిని తెలిసికొనక తొందరపడినవారి చేపలు తరచుగా నెల తిరుగకమునుపే చచ్చుచుండును.

సముద్రజీవులను తీరమునకు దూరముగ బ్రదికించు ప్రయత్నములు పందొమ్మిదవ శతాబ్దిలో ఊపందుకొనినవి. 1846లో ఆనా థిన్ అను ఆంగ్లవనిత ఇంగ్లండు దక్షిణతీరమున టార్కీ అను ఊరివద్ద దొరకిన రాతిపగడపు జీవులను లండనులోని తన యింటికి తెచ్చుకొనెను. ఆమె పరిచారిక ప్రతిదినము అరగంటకు పైగా కిటికీ దగ్గర నిలబడి ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి ఎత్తి పోయుచుండెడిది. మనము కాగిన పాలు తిరగబోసినట్లన్న మాట. గాలిలోని ఆమ్లజని నీటిలో కరుగుటకు ఇదియే ఉపాయము. తరువాత ఆమె పాత్రలలో సముద్రపు నాచును కూడ ఉంచెను. ఆ జీవులు సుమారు మూడేండ్లు బ్రదికినవి. కీర్తి యజమానురాలికి దక్కినది కాని, పరిచారిక చేతుల కష్టమును కూడ ఇక్కడ తలచుకొనుట న్యాయము.

అదే నగరములో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మంచినీటితో మరియొక పరీక్ష చేసెను. గాజుపాత్రలో రెండు చిన్న బంగారుచేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఉంచెను. చేపలు విడిచిన బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహించి, వెలుతురులో ఆమ్లజనిని తిరిగి ఇచ్చును. లెక్క సరిపోయినదనుకొనుచుండగా ఆకులు కుళ్లి నీరు మురికియైనది. అతడు చెరువు నత్తలను తెచ్చి వేసెను. అవి కుళ్లిన ఆకును తిని నీటిని తేటపరచినవి. చేప, మొక్క, నత్త మూడును కలిసిననే తొట్టి నిలుచునని అతడు 1850లో ప్రకటించెను.

1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపలకై ప్రత్యేకమందిరము తెరువబడెను. మరుసటి యేడు ఫిలిప్ హెన్రీ గాస్ ఈ విషయముపై వ్రాసిన గ్రంథము వెలువడి, ఇంటింట సముద్రపు తొట్టి పెట్టుకొను వేలంవెర్రి పుట్టెను. జనము తీరపు రాళ్లనడుమ గుంటలను గాలించి జీవులను ఏరుకొనిపోయిరి. తన తండ్రితో చిన్ననాట చూచిన ఆ గుంటలు శూన్యములైనవని గాస్ కుమారుడు ఎడ్మండ్ 1907లో ఒక గ్రంథమున విచారముతో వ్రాసెను.

ఇక మన రైతు సంగతి. వారింగ్టన్ లెక్కలో చేరని పనివారు కొందరు కలరు. చేపల విసర్జనమునుండి, మిగిలిన మేతనుండి అమోనియా పుట్టును. అది కొంచెమైనను చేపకు విషము. అమోనియాను నైట్రేటుగ మార్చునది కేవల రసాయనక్రియ కాదు, సూక్ష్మజీవుల పనియని 1877లో ఫ్రాన్సు దేశస్థులు ష్లోజింగ్, ముంట్జ్ కనుగొనిరి. ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టముగుండ వారు మురుగునీటిని దింపిరి. సుమారు ఇరువది దినములవరకు ఏ మార్పును లేదు. ఆపై అమోనియా పోయి నైట్రేటు రాసాగెను. క్లోరోఫారము ఆవిరి తగిలించగానే ఆ పని ఆగిపోయెను.

ఈ వార్త విని ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా క్షేత్రమున పొలపు మట్టితో పరీక్షలు సాగించినవాడు మరియొక రాబర్ట్ వారింగ్టన్: గాజుపాత్ర వారింగ్టన్‌కు స్వయాన కుమారుడు! ఒక తెగ జీవులు అమోనియాను నైట్రైటుగను, వేరొక తెగ నైట్రైటును నైట్రేటుగను మార్చునని అతడు తేల్చెను. 1890 ప్రాంతమున విన్‌గ్రాడ్‌స్కీ వానిని విడదీసి చూపెను. తండ్రి పాత్రలో కనబడక పాటుపడిన కూలీలను కొడుకు పొలములో పట్టుకొనెనని నాకు తోచును. మన నల్లరేగడిలో యూరియానుండి పుట్టిన అమోనియాను నైట్రేటుగ మార్చి మిరపమొక్కకు అందించునవియు ఇట్టి జీవులే.

మన గుంటూరు మద్రాసు రాజధానిలో ఉన్న దినములలో, 1909లో, మద్రాసు మెరీనా తీరమున భారతదేశములో మొదటి మత్స్యప్రదర్శనశాల వెలసెను. మ్యూజియము అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ దీనికి కారకుడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అది మూతపడెను. దానికి సముద్రము గుమ్మములోనే ఉండెడిది. ఇంటి తొట్టికి ఆ భాగ్యము లేదు. ఇండొనీషియాలో లీ చిన్ ఎంగ్ అను ఆయన సముద్రపు రాళ్లను వానిపై జీవులతో సహా తొట్టిలో పేర్చి, గాలిబుడగలు, ఎండ తప్ప వేరేమియు లేక పగడములను పెంచి, 1961లో ఆ పద్ధతిని ప్రకటించెను. రాతి పైభాగమున నైట్రేటు తయారగును; ఆమ్లజని చొరని లోపలి రంధ్రములలో వేరు బాక్టీరియా దానిని నత్రజని వాయువుగ విడిచిపుచ్చును. డెల్టా వరిమడి బురదలో ఎరువు నష్టమగు తీరు ఇదియే. రైతుకు నష్టమైనది తొట్టికి లాభము.

కాని గుంటూరులో ఇప్పుడు తొట్టి పెట్టదలచినవారు ఆ రాళ్లను, పగడములను కోరరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టు పగడములను 2001లో చేర్చిరి. మన తీరమున అవి దిబ్బలు కట్టుటయు లేదు. కృష్ణా గోదావరుల ఒండ్రునీరు వానికి గిట్టదు. పైగా వేసవిలో మన ఊరి ఎండ 40 డిగ్రీలు దాటును. అలవాటైన వేసవి వేడికంటె ఒకటి రెండు డిగ్రీలు కొన్ని వారములు హెచ్చిన చాలును, పగడము తనలోని నాచును వెళ్లగొట్టి తెల్లబారును. కనుక పెంపకములో పుట్టిన క్లౌన్ చేపలు, కాల్చిన మట్టితో చేసిన రంధ్రముల పెంకులు చాలును. మన దేశమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు ఆ చేపల గుడ్లను పొదిగించి పిల్లలను పెంచిరి.

తొట్టి చిన్నదైన సులభమనుకొనుట పొరపాటు. నీరు తక్కువైనకొలది వేడియు, విషమును త్వరగ ఎక్కును. 100 లీటర్లకు తగ్గనిది మేలు. సూర్యలంక తీరము 50 కిలోమీటర్లే యైనను, వానకాలపు నీరు పలుచన, మురికి. తూచి కలిపిన కృత్రిమ లవణము నయము. లీటరుకు 35 గ్రాముల చొప్పున 100 లీటర్లలో 3,500 గ్రాముల ఉప్పుండును. 10 లీటర్లు ఆవిరియైన నీరే పోవును, ఉప్పు పోదు. లీటరుకు సుమారు 39 గ్రాములగును. అప్పుడు పోయవలసినది మంచినీరే. ఈ లెక్కను విద్యార్థులచేత చేయించవచ్చును.

తరువాత చేపలు లేని తొట్టిలో కొలతప్రకారము అమోనియా కొంచెము వేసి, దినము విడిచి దినము పరీక్షించి, నోటుపుస్తకములో గీత గీయించవలెను. మొదట అమోనియా నిలిచియుండును. పిదప అది తగ్గి నైట్రైటు లేచును. నాలుగారు వారములు పట్టవచ్చును. తిరిగి వేసిన అమోనియా ఒక్క దినములో మాయమై, నైట్రైటు కూడ కనబడని నాడే మొదటి చేపను కొనుటకు బయలుదేరవచ్చును.