పాత కీ వాచీ: గుర్తింపు, వయసు, పునరుద్ధరణ

బ్యాటరీతో పని లేకుండా, చుట్టిన స్ప్రింగు విప్పుకునే బలంతో నడిచే చేతి గడియారమే కీ వాచీ. తెలుగు ఇళ్ల బీరువాల్లో ఇప్పటికీ ఇవి బయటపడుతుంటాయి. కొన్ని పెళ్లిలో అల్లుడికి పెట్టినవి, కొన్ని ఉద్యోగ విరమణ సభలో బహూకరించినవి, కొన్ని గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చినవారు తెచ్చినవి. స్విట్జర్లాండ్ వాచీల్లో ఫేవర్ లూబా, వెస్టెండ్, రోమర్, జపాన్ వాచీల్లో సీకో, సిటిజన్, రికో, మన దేశంలో తయారైనవాటిలో హెచ్.ఎం.టి., ఆల్విన్ ఎక్కువగా కనిపిస్తాయి.

ఇలాంటి వాచీ చేతికి రాగానే అందరూ ముందు డయల్ మీది పేరు చదువుతారు. కానీ వాచీ మొత్తంలో అన్నిటికంటే తక్కువగా నమ్మాల్సిన భాగం డయలే. డయల్ మాసిపోతే మళ్లీ రంగు వేయించడం, కొత్త అక్షరాలు అచ్చు వేయించడం దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. ముంబయిలో ఇలా తిరిగి ముస్తాబైన పాత వాచీలు ప్రపంచమంతటా అమ్ముడవుతున్నాయి. కంపెనీ ఎన్నడూ వేయని ముదురు రంగులు, అలుక్కుపోయినట్టున్న అచ్చు, గంటల గీతలకు సరిపోని ముళ్లు, ఆటోమేటిక్ అని రాసి ఉండి లోపల చేత్తో కీ ఇచ్చే యంత్రం ఉండటం దానికి ఆనవాళ్లు. అసలు సంగతి తెలియాలంటే వెనక మూత తీయించాల్సిందే.

మూత కింద కనిపించే యంత్రాన్ని వాచీ పనివారు మూమెంట్ అంటారు. దాని రకాన్ని తెలిపే సంఖ్యే క్యాలిబర్. స్విస్ వాచీల్లో ఈ సంఖ్య తరచుగా అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం కింద, ప్లేటు మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ ఏ.ఎస్., ఎఫ్.హెచ్.ఎఫ్., ఈటీఏ వంటి ముద్రలు కనిపిస్తే, డయల్ మీద ఏ పేరున్నా యంత్రం ఆ కర్మాగారానిదని అర్థం. స్విట్జర్లాండ్‌లో చాలా కంపెనీలు యంత్రాలు కొని, తమ పేరు వేసుకుని అమ్మేవి. ఫేవర్ లూబా మాత్రం 1960లలో సొంత యంత్రాలు చేసింది. పలుచటి మూమెంట్‌లో రెండు స్ప్రింగు పెట్టెలు అమర్చడం వాటి ప్రత్యేకత. భారతదేశంలో ఆ కంపెనీ వ్యాపారం 1865 నాటికే బొంబాయిలో మొదలైంది.

వయసు కట్టే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది. అన్నిటికంటే తేలిక సీకో. వెనక మూత మీది ఆరంకెల సంఖ్యలో మొదటిది సంవత్సరపు చివరి అంకె, రెండోది నెల. అక్టోబరు, నవంబరు, డిసెంబరులకు అంకె బదులు ఓ, ఎన్, డి అక్షరాలుంటాయి. దశాబ్దం ఏదన్నది క్యాలిబర్ చెబుతుంది. 6119 క్యాలిబర్ వాచీలో సంఖ్య ఒకటితో మొదలైతే అది 1971 నాటిదే, ఎందుకంటే 1961లో ఆ యంత్రం పుట్టలేదు, 1981 నాటికి దాని తయారీ లేదు. సిటిజన్‌లో మొదటి అంకె సంవత్సరం, తర్వాతి రెండూ నెల. స్విట్జర్లాండ్ ఒమేగా వాచీల సంఖ్యలు వరుసగా పెరుగుతూ పోతాయి. కోటి దగ్గర ఉంటే సుమారు 1944, రెండు కోట్ల దగ్గర ఉంటే 1960ల తొలి సంవత్సరాలు.

సంఖ్య అరిగిపోయినప్పుడు ఇతర ఆనవాళ్లు పనికొస్తాయి. దెబ్బ తగిలినా బ్యాలెన్స్ ఇరుసు విరగకుండా కాపాడే ఇన్కాబ్లాక్ అమరిక 1930ల మధ్యలో వచ్చింది. కాబట్టి అది ఉన్న వాచీ అంతకు ముందుది కాదు. డయల్ అసలైనదై, దాని అడుగున స్విస్ అన్న మాటకు ఇరువైపులా టి అక్షరం ఉంటే చీకట్లో వెలిగే పూత ట్రిటియంతో చేసినదని, వాచీ 1960లలోనిది లేదా ఆ తర్వాతిదని తెలుస్తుంది.

ఆ గుర్తు లేకుండా అంకెల మీద గోధుమరంగుకు తిరిగిన పూత ఉంటే జాగ్రత్త పడాలి. అది రేడియోధార్మిక రేడియం కావచ్చు. వెలుగు ఆగిపోయినా ప్రమాదం ఆగదు. పాడైంది వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రమే, రేడియం సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు పడుతుంది. దాన్ని గోకకూడదు, ఊదకూడదు, ఇంట్లో మూత తీయకూడదు.

తెలుగు ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యేది హెచ్.ఎం.టి., అందుకే దాని గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. ప్రభుత్వరంగ హిందుస్థాన్ మెషిన్ టూల్స్ జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ చేపట్టింది. తొలి వాచీలను 1961లో ప్రధాని నెహ్రూ విడుదల చేశారు. పురుషులకు సిటిజన్, స్త్రీలకు సుజాత తొలి రకాలు. తర్వాత జనతా, పైలట్, జవాన్, కోహినూర్ వంటి పేర్లు ఇంటింటికీ చేరాయి. తుంకూరు, శ్రీనగర్, రాణీబాగ్‌లలోనూ కర్మాగారాలు వెలిశాయి. హైదరాబాద్‌లోని హెచ్.ఎం.టి.కి వాచీలతో సంబంధం లేదు, అది యంత్ర పరికరాల కర్మాగారం. ఆ మూడక్షరాలకు ఎంత పరపతి ఉండేదంటే, మహారాష్ట్ర రైతు దాదాజీ ఖోబ్రగడే రూపొందించిన సన్న వరికి కూడా ఆ వాచీ పేరే పెట్టారు. మన మార్కెట్లో అమ్మే హెచ్.ఎం.టి. బియ్యం అదే.

జనతా, పైలట్ వంటి చాలా రకాల్లో తిరిగేది ఒకటే యంత్రం: 0231. ఇరుసులు తిరిగే పదిహేడు రాళ్లు, గంటకు 18,000 కదలికలు, అంటే సెకనుకు అయిదు టిక్కులు. ఒకే యంత్రం దశాబ్దాల పాటు తయారైంది కాబట్టి క్యాలిబర్ చూసి సంవత్సరం చెప్పడం కుదరదు. అదే కారణంగా విడి భాగాలు మాత్రం ఈనాటికీ దొరుకుతాయి. ఒక రకం డయల్‌ను మరో రకం కేసులోకి మార్చడం సులువు కావడంతో కలగాపులగం వాచీలూ పుట్టుకొచ్చాయి. 2016లో కేంద్ర మంత్రివర్గం వాచీల విభాగం మూసివేతకు ఆమోదం తెలిపాక పాత వాచీలకు గిరాకీ పెరిగింది, నకిలీ ముస్తాబులూ పెరిగాయి.

ఇలాంటి వాచీకి అసలైన జన్మపత్రం ఇంట్లోనే వెతకాలి. గ్యారంటీ కార్డు, దుకాణం బిల్లు, మూత మీద చెక్కించిన పేరు, తేదీ, పెళ్లి ఫోటోలో పెళ్లికొడుకు మణికట్టు, ఏదైనా ఆధారమే. మూత లోపలి వైపు భూతద్దంతో చూస్తే సూదితో గీసిన సన్నని అంకెలు కనిపించవచ్చు. పూర్వం వాచీ మెకానిక్‌లు సర్వీసింగ్ చేసిన తేదీని, తమ గుర్తును అలా రాసుకునేవారు. అందులో అన్నిటికంటే పాత తేదీ నాటికి వాచీ వాడుకలో ఉన్నట్టే.

ఆల్విన్ వాచీ దొరికిన ఇల్లు దాన్ని పదిలంగా దాచుకోవాలి. బస్సులు, ఫ్రిజ్‌లు చేసిన హైదరాబాద్ ఆల్విన్ 1980లలో జపాన్ సీకో సాంకేతిక సహకారంతో వాచీలు తయారు చేసింది. హైదరాబాద్ పారిశ్రామిక చరిత్రలో చేతికి కట్టుకోగల ముక్క అది. దాని గురించి రాసినవి తక్కువ కాబట్టి, డబ్బా, కాగితాలతో సహా దొరికినది మరీ విలువైనది.

ఇక పునరుద్ధరణ. ఆగిపోయిన పాత వాచీని చూసి “కీ ఎక్కువైంది” అనడం పరిపాటి. నిజానికి పూర్తిగా కీ ఇచ్చినంత మాత్రాన వాచీ చెడదు. లోపలి నూనె ఎండి జిగురుగా మారితే, స్ప్రింగు ఎంత బిగిసి ఉన్నా చక్రాలు కదలవు. ఊపితే కాసేపు నడుస్తుంది కదా అని వాడటం ఇంకా చెరుపు. నూనె లేకుండా తిరిగిన ఇరుసులు అరుగుతాయి. ఉన్నట్టుండి వాచీ రోజుకు చాలా నిమిషాలు ముందుకు పరిగెడుతుంటే అయస్కాంత ప్రభావం ఉందేమో చూడాలి. బ్యాలెన్స్ చక్రానికి ఉండే సన్నని హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని అలా జరుగుతుంది, ఆ అయస్కాంతత్వాన్ని వదిలించడం క్షణాల పని.

సరైన సర్వీసింగ్ అంటే యంత్రాన్ని ముక్కముక్కగా విప్పి, కడిగి, ఒక్కో చోట దానికి తగిన నూనె వేసి, తిరిగి కూర్చడం. విప్పకుండా పెట్రోలులో ముంచి తీయడం సర్వీసింగ్ కాదు, మురికిని చోటు మార్చడం మాత్రమే. పని అయ్యాక వాచీ నడకను కొలిచే టైమ్‌గ్రాఫర్ మీద పెట్టి చూపమని అడగాలి. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి ఉండేలా పెట్టినప్పుడు బ్యాలెన్స్ ఊపు 270 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టు. 200 కంటే తగ్గితే ఇంకా పని మిగిలి ఉంది.

యంత్రం ఎంత శుభ్రపడితే అంత మంచిది, పైరూపం మాత్రం ఎంత తక్కువ మారితే అంత మంచిది. ప్లాస్టిక్ గ్లాసు మీది గీతలు పాలిష్‌తో పోతాయి, పగిలితే కొత్తది వేయించవచ్చు, బెల్టు మార్చవచ్చు. డయల్‌కు రంగు వేయిస్తే మాత్రం వాచీ తన వయసుకున్న ఆధారాన్ని శాశ్వతంగా కోల్పోతుంది. కేసును మోటారు మీద మెరుగుపెట్టిస్తే అంచులు, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి, బంగారు పూతైతే కింది లోహం బయటపడుతుంది. పని అప్పగించే ముందే ఈ రెండూ వద్దని చెప్పి, నాలుగు వైపులా, మూత లోపల కూడా ఫోటోలు తీసుకోవాలి. మార్చిన కీ, ముళ్లు, గ్లాసు ఏవైనా సరే, పాతవి చిన్న కవరులో వెనక్కి అడిగి తీసుకోవాలి.